అచ్చులు వరసగా వచ్చే ఆ మూడో మాట ఏది?

పాత నోటుబుక్కు: ఇంగ్లీషులో ఏ, ఈ, ఐ, ఓ, యూ అయిదూ అదే వరసలో వచ్చే మాటలు ఫెసీషియస్, అబ్‌స్టీమియస్. ఇక్కడ తెలియనివాళ్లు ఉండరు. ఇంటర్‌లో మా బాటనీ మాస్టారు వీటి పక్కనే మూడోది రాసేవారు. ఈ రెండింటికన్నా పొడుగు. వేళ్లకో ఆకులకో సంబంధించింది. బుర్ర తొలిచేస్తోంది. ఆర్సీనియస్ మాత్రం కాదు, ముందే చెబుతున్నా. అది పాషాణం సంగతి, పైగా పొట్టిది.

తెనాలి తమ్ముడు: అడ్వెంటీషియస్. 12 అక్షరాలు. అబ్బురపు వేళ్లు. మర్రి ఊడలు, చెరకు కణుపుల దగ్గర పుట్టే వేళ్లు. అయిపోయింది, తాళం వేసేయండి.

లెక్కల టీచర్: చెల్లదు. ఏ, ఈ, ఐ, మళ్లీ ఐ, ఆ తర్వాత ఓ, యూ. ఐ రెండుసార్లు పడింది.

తెనాలి తమ్ముడు: వరస తప్పలేదు కదండీ టీచర్ గారూ!

లెక్కల టీచర్: వరస తప్పలేదు, లెక్క తప్పింది. ఒక్కో అచ్చూ ఒక్కసారే రావాలి, లేకపోతే ఆటేముంది? పొడుగే కావాలంటే చివర ‘లీ’ తగిలించండి. ఫెసీషియస్‌లీకి 11, అబ్‌స్టీమియస్‌లీకి 12. వై కూడా కలిసొస్తుంది.

గోదారి గట్టు: మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నా, ఫెసీషియస్‌ని వెటకారం అని ఎవరు మొదలుపెట్టారండీ? వెటకారంలో ఎదుటివాణ్ణి కుట్టడం ఉంటుంది, అది మా జిల్లా సొత్తు. ఫెసీషియస్ అంటే అవతల సీరియస్‌గా మాట్లాడుతుంటే మధ్యలో అడ్డంగా జోకేయడం. తెలుగులో దానికి చక్కగా ఎకసెక్కం ఉంది. లాటిన్‌లో ఆ మాట వెనక ఉన్నది చమత్కారం, మర్యాదైన మాటే. ఇంగ్లీషులోకి వచ్చాక పరువు పోగొట్టుకుంది.

పాత నోటుబుక్కు: అబ్‌స్టీమియస్ అంటే తిండి తగ్గించినవాడేనా, మందు మానినవాడా?

గోదారి గట్టు: లాటిన్‌లో టెమేటమ్ అంటే మత్తెక్కించే పానీయం. దానికి దూరంగా ఉన్నవాడు. తిండి తర్వాత చేరింది. అబ్‌స్టెయిన్‌కి దీనికి చుట్టరికం కలపకండి, అది ‘పట్టుకోవడం’ అనే ధాతువు నుంచి వచ్చింది. ముందున్న ‘అబ్స్’ ఒక్కటే ఉమ్మడి.

ఊరికే చదివేవాడు: సబ్‌కాంటినెంటల్ చూడండి. యూ, ఓ, ఐ, ఈ, ఏ. తిరగేసిన వరస. 14 అక్షరాలు. మన ఉపఖండం అన్నీ తలకిందులుగానే చేస్తుంది.

తెనాలి తమ్ముడు: అన్‌కాపీరైటబుల్ కూడా. 15 అక్షరాలు, ఏదీ రెండోసారి రాదు.

మునగచెట్టు: ఇవన్నీ తెలుగు లిపిలో రాస్తూ ఏ ఎక్కడ, ఐ ఎక్కడ అని వెతుక్కుంటున్నాం. ఫెసీషియస్ అని రాశాక అందులో ‘ఏ’ని ఎవరైనా చూపించండి.
అది సరే గానీ, ‘అబ్బురపు వేళ్లు’ దగ్గర నాకు ఎప్పటినుంచో ఒక అనుమానం. అడ్వెంటీషియస్ అంటే లాటిన్‌లో బయటినుంచి వచ్చి చేరినది. అందులో ఆశ్చర్యపోవడానికి ఏముంది? పరిభాష కట్టినవాళ్లు ‘అబ్బు’ అనే క్రియను చూసుకున్నారని నా సిద్ధాంతం. చదువబ్బింది అంటాం, అంటే వచ్చి చేరిందనేగా. అబ్బిన వేరు, అబ్బురపు వేరు.

పెద్దన పక్షం: సిద్ధాంతం ముచ్చటగా ఉంది గానీ నిలవదు. అద్భుతం ప్రకృతి, అబ్బురం వికృతి. స్కూల్లో బట్టీ పట్టిన జంటే.

మునగచెట్టు: ‘బ్బు’ ఉన్నంత మాత్రాన అంతా సంస్కృతం ఖాతాలో రాసేస్తారా? ఉబ్బు, గుబ్బ, దెబ్బ మనవి కావా?

లెక్కల టీచర్: వేరు ప్రథమమూలం నుంచి, అంటే మొలకలోని తొలి వేరు నుంచి రావాలి. కాండం నుంచో, ఆకు నుంచో వస్తే వింతే. రణపాల ఆకును మట్టి మీద పడేస్తే అంచుల గాట్ల దగ్గర చిన్న చిన్న మొక్కలు మొలిచి, కిందికి దారాల్లాంటి వేళ్లు దించుతాయి. మొదటిసారి చూసినవాడు నోరు తెరుస్తాడు. అబ్బురం సరిపోయింది.

పెద్దన పక్షం: టీచర్ గారికి నమస్కారం. ఇక అబ్బురం అన్నాక అల్లసానివాడు గుర్తుకు రాకపోతే ఎలా? ‘అబ్బురపాటుతోడ నయనాంబుజముల్ వికసింపఁ గాంతి పె’... మనుచరిత్రలో ప్రవరుణ్ణి చూసిన వరూధిని కళ్లు విచ్చుకోవడం ఆ ఒక్క సమాసంలో కనిపిస్తుంది.

గోదారి గట్టు: అబ్బురపాటు అక్కడ ఆశ్చర్యమేనా? తొట్రుపాటు, ఉలికిపాటు వరసలో చూస్తే నాకు అది ఉలిక్కిపడటంలా వినిపిస్తుంది. అడవిలో కొత్తవాడు కనబడ్డాడు మరి.

పెద్దన పక్షం: అప్పటికే చూసిందండీ! కడియాలు ఝళంఝళ మంటుండగా లేచింది, పోకచెట్టును ఆనుకుని నిలబడింది. అంతయ్యాక ఉలికిపాటు ఎక్కడిది? ఉలిక్కిపడ్డ కళ్లు బెదురుతాయి, వికసించవు. ‘వికసింపఁ’ అని పక్కనే చెప్పాడు కదా కవి.

పాత నోటుబుక్కు: నా మూడో మాట ఏమైనట్టు?

ఊరికే చదివేవాడు: పోకచెట్టు దగ్గర ఉంది, ఆగండి.

మునగచెట్టు: అక్కడ అబ్బురపాటు పడింది అర్థం కోసం కాదు, ప్రాస కోసం. అబ్బుర, ల్లుబ్బి, గుబ్బ, గుబ్బతిలంగ. ఇంగ్లీషువాడు అక్షరాలు కలిస్తే కాలక్షేపం అనుకుంటాడు, మనకది నియమం. నాలుగు పాదాల్లో రెండోచోట ‘బ్బ’ను కూర్చోబెట్టాలి. పెద్దనకు కూడా సరుకు అయిపోయినట్టుంది, గుబ్బ రెండుసార్లు వేశాడు.

పెద్దన పక్షం: పెద్దనకు సరుకు అయిపోవడమా! మూడో పాదంలోది నామవాచకం, నాలుగో పాదంలో గుబ్బతిలు క్రియ. కోరికలు ఉప్పొంగాయని. గుబ్బతో మొదలైనంత మాత్రాన రెండూ ఒకటి కావు.

మునగచెట్టు: రెండింటిలోనూ ఉబ్బడమే ఉంది కదండీ, ధాతువు ఒకటే అయితే?

పెద్దన పక్షం: అయితే ఆ ధాతువేదో చూపించండి. ‘అబ్బు’లాగా సొంతంగా కట్టింది వద్దు.

గోదారి గట్టు: గుబులును కూడా ఇందులో కలుపుదామా? మదిలోనే కదా పుట్టేది.