అప్‌డేట్: ఎలైజాలో (యాంటీబాడీ, ఎంజైము వాడి రంగు మార్పుతో ఒక పదార్థాన్ని గుర్తించే ల్యాబ్ పరీక్ష) రంగు వచ్చింది!

తప్పకుండా రంగు రావాల్సిన పాజిటివ్ కంట్రోల్ వెల్‌లో (ప్లేట్‌లోని చిన్న గుంత) కూడా రంగు రావడం లేదు, యాంటీబాడీ పాడైందా అని అడిగాను కదా. అది బాగానే ఉంది. మీలో ఒకరు చెప్పినట్టు వాష్ బఫర్ (వెల్స్ కడిగే ద్రావణం) సీసా లేబుల్ చూస్తే, బ్యాక్టీరియా పెరగకుండా కలిపిన సోడియం అజైడ్ కనిపించింది. రంగు తెప్పించాల్సిన హార్స్‌రాడిష్ పెరాక్సిడేజ్ ఎంజైమును అదే అడ్డుకుంటోంది!

అజైడ్ లేని బఫర్ తాజాగా కలిపి ప్లేట్ మళ్లీ పెట్టాను. టీఎంబీ (ఆ ఎంజైము తగిలితే రంగు మారే పదార్థం) పోయగానే వెల్స్ నీలంగా మారాయి. సల్ఫ్యూరిక్ యాసిడ్‌తో ఆపితే పసుపు. 450 నానోమీటర్ల కాంతి దగ్గర రీడింగ్ చక్కగా వచ్చింది, బ్లాంక్ (నమూనా పోయని వెల్) దాదాపు సున్నా. టెన్షన్ తీరింది.

పెరాక్సిడేజ్ బదులు ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ ఎంజైము వాడేవాళ్లకు అజైడ్‌తో ఈ గొడవ లేదు. కానీ దానికి ఫాస్ఫేట్ బఫర్ పడదు, ట్రిస్ బఫర్ వాడాలి.

డూప్లికేట్ల (ఒకే నమూనా పోసిన రెండు వెల్స్) రీడింగుల మధ్య తేడా ఇంకా కాస్త ఉంది. అందుకే ద్రవం కొలిచి పోసే పిపెట్‌ను కాలిబ్రేషన్‌కు పంపాను.