మలయా రబ్బరు తోటల్లో ఎమర్జెన్సీ రోజులు: మీ పెద్దవాళ్లు ఏమైనా చెప్పారా?

నమస్కారమండీ. 1948 నుంచి 1960 వరకు మలయాలో (ఇప్పటి మలేషియాలో భాగం) బ్రిటిష్ ప్రభుత్వం, 1957లో స్వాతంత్ర్యం వచ్చాక అక్కడి ప్రభుత్వం కమ్యూనిస్టు గెరిల్లాలను అణచిన తీరు మీద పీహెచ్‌డీ చేస్తున్నాను. ఆ కాలాన్నే అక్కడ ఎమర్జెన్సీ అంటారు. 1950 నాటి బ్రిగ్స్ ప్రణాళికతో లక్షల మందిని, ఎక్కువగా చైనీయులను, ముళ్లకంచెల మధ్య కొత్త ఊళ్లకు తరలించారు. వాళ్ల గురించి బోలెడు రాశారు. తోటల్లో పనిచేసిన మన తెలుగువాళ్ల మాట మాత్రం ఒక్క వాక్యంలో వచ్చి పోతుంది. అది చాలా బాధగా ఉంది.

బియ్యం అడవిలో ఉన్న గెరిల్లాలకు చేరకుండా కొన్నిచోట్ల అందరికీ ఒకేచోట వండి పెట్టేవారు. గేటు దగ్గర సోదా చేసేవారు. రబ్బరు పాలు తీయడానికి వెళ్లేవాళ్లు మధ్యాహ్నానికి అన్నం మూట కూడా తీసుకెళ్లకూడదు! ఆ ఆకలి గురించి మీ తాతయ్య, నానమ్మ ఏమైనా చెప్పారా? కంచెలు తీసేశాక అక్కడే ఉండిపోయారా, ఊరికి తిరిగొచ్చారా? పాత ఉత్తరాలు, రేషన్ కార్డులు ఉంటే ఫోటో చాలు, అసలువి మీ దగ్గరే ఉంచుకోండి.