అప్‌డేట్: ఉర్దూ మీడియం అబ్బాయికి ఇంగ్లిష్ టెన్సులు, మొత్తానికి దారిలో పడ్డాడు

పోయిన నెల అడిగా కదా, మా కింది పోర్షన్‌లో ఉండే పాతబస్తీ అబ్బాయి ఇంటర్వ్యూల్లో "ఐ యామ్ లివింగ్ హియర్ సిన్స్ టూ ఇయర్స్" అనే అంటున్నాడు, ఎలా మాన్పించాలి అని. సలహా చెప్పినవాళ్లందరికీ థాంక్స్.

పనిచేసింది ఉర్దూ క్రియ చివర చూడమన్న ఐడియా. రహా హూ (చేస్తున్నా) అంటే యామ్ పెట్టి ఐఎన్‌జీ, చుకా హూ (చేసేశా) అంటే హావ్, చుకా థా (అప్పటికే చేసేశా) అంటే హ్యాడ్. కానీ "దో సాల్ సే రహ్ రహా హూ" (రెండేళ్ల నుంచి ఉంటున్నా) లాగా ముందు సే (నుంచి) వస్తే మాత్రం యామ్ కొట్టేసి హావ్ బీన్. ఆ ఒక్క సే యే సిన్స్‌కీ ఫర్‌కీ రెండింటికీ వాడతారు కాబట్టి, 2019 లాగా మొదలైన టైం చెప్తే సిన్స్, ఎన్నేళ్లో ఎన్ని రోజులో చెప్తే ఫర్ అని రోజూ పది వాక్యాలు రాయించా (మన "నుంచి" కూడా అంతేగా, ఇన్నాళ్లూ నేనూ తప్పే మాట్లాడానని అప్పుడే తెలిసింది).

ఉర్దూలో కల్ అంటే నిన్నా రేపూ రెండూ కాబట్టి అక్కడ కన్ఫ్యూజ్ అవుతున్నాడేమో అనుకున్నది మాత్రం ఉత్తదే, క్రియ చూస్తే వాడికి తెలిసిపోతుంది. పన్నెండు టెన్సుల చార్ట్ కొన్నది గోడకే అంకితం. "డిడ్ నాట్ వెంట్" ఇంకా అప్పుడప్పుడు వస్తోంది, దాని సంగతి తర్వాత చూస్తాం.