రోజుకు పది ఇంగ్లీషు పదాలు పంచుకుంటున్నాం, నెల తిరిగేసరికి ఒక్కటీ నోటికి రావట్లేదు. తప్పెక్కడ?

అల్లంచాయ్:
ఎనిమిదిమందిమి కలిసి వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నాం. నలుగురికి జీఆర్‌ఈ ఉంది, మిగతావాళ్లకు ఆఫీసు మెయిళ్లకీ మీటింగులకీ కావాలి. రోజుకొకరు పొద్దున్నే పది పదాలు, పక్కన తెలుగు అర్థం, కింద నాలుగైదు పర్యాయపదాలు పెడతారు. మూడు నెలల్లో తొమ్మిది వందలు దాటాయి. చదివితే అన్నీ తెలిసినట్టే ఉంటాయి. రాయబోతే గుర్తుకు రావు, వచ్చినా చోటు తప్పి వస్తాయి. మొన్న ఒకరు సప్లయర్‌కి "ప్లీజ్ మిటిగేట్ ది ప్రైస్" అని మెయిల్ పెట్టారు. గ్రూపులో మిటిగేట్ అంటే "తగ్గించు" అనే రాసుకున్నాం. రోజుకు ఎన్ని పదాలు పెట్టుకోవాలి, పోస్టులో ఏమేం ఉండాలి, పాతవి మర్చిపోకుండా ఎలా తిప్పుకోవాలి? తెలిసినవాళ్లు వివరంగా చెప్పగలరు.

పెన్నాతీరం:
అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి ఒక్క మెతుకు చాలు. మిటిగేట్‌నే పట్టుకుందాం.

తెలుగులో ధర తగ్గిస్తాం, స్పీడు తగ్గిస్తాం, బరువు, నొప్పి, మంట, నష్టం అన్నీ తగ్గిస్తాం. అన్నిటికీ ఒకటే క్రియ. ఇంగ్లీషులో అలా కాదు. ధరకైతే రెడ్యూస్, లోవర్. నొప్పికి రిలీవ్, అలీవియేట్. మిటిగేట్ వచ్చేది ఒక చెడు తీవ్రతను తగ్గించేటప్పుడే. దాని పక్కన కూర్చునే మాటలు కొన్నే: రిస్క్, డ్యామేజ్, ఇంపాక్ట్, ఎఫెక్ట్స్. "ది న్యూ డ్రైన్స్ విల్ మిటిగేట్ ది ఎఫెక్ట్స్ ఆఫ్ హెవీ రెయిన్" అంటే సరిపోయింది, వాన ఆగదు గానీ దాని దెబ్బ తగ్గుతుంది. కోర్టు భాషలో మిటిగేటింగ్ సర్కమ్‌స్టాన్సెస్ అంటే శిక్ష తగ్గించడానికి వీలిచ్చే పరిస్థితులు. ఇక "మిటిగేట్ అగైనెస్ట్" అనేది ఇంగ్లీషు వాళ్లు కూడా చేసే తప్పు. అక్కడ రావాల్సింది మిలిటేట్, అంటే అడ్డుపడటం.

కాబట్టి "పదం = తెలుగు అర్థం" అన్న పోస్టు ఆపేయండి. ఒక్కో పదానికి కార్డులా రాయండి. ముందువైపు ఆ పదం ఉండాల్సిన చోట ఖాళీ వదిలిన వాక్యం, మొదటి అక్షరం మాత్రం ఇచ్చి, దాని కింద మొత్తం వాక్యానికి తెలుగు. వెనకవైపు పదం, దాంతో జంటకట్టే రెండు మూడు మాటలు, దాని నామవాచక రూపం (ఇక్కడ మిటిగేషన్), తర్వాత వచ్చే ప్రిపోజిషన్ ఉంటే అది. ప్రిపోజిషన్‌ను చిన్నదని వదిలేయకండి, మనవాళ్ల తప్పులు సగం అక్కడే. తెలుగులో "దాని గురించి చర్చించాం" అంటాం కాబట్టి డిస్కస్ తర్వాత అబౌట్ వచ్చేస్తుంది, అక్కర్లేదు. "అతనితో పెళ్లి" అంటాం కాబట్టి మ్యారీడ్ విత్ అనేస్తాం, మ్యారీడ్ టు అనాలి. కోప్ అప్ విత్ అనేదే లేదు, కోప్ విత్ అంతే.

వాక్యాలు సొంతంగా కల్పించి కార్డు ఎక్కించకండి, తప్పు వాక్యమే ఎనిమిదిమందికీ గట్టిపడుతుంది. లెర్నర్స్ డిక్షనరీ, అంటే ఇంగ్లీషు కొత్తగా నేర్చుకునేవాళ్ల కోసం రాసిన నిఘంటువు నుంచి తీసుకోండి. లాంగ్‌మన్ వాళ్లది 1978లో మొదటిసారి వచ్చినప్పుడే సుమారు 2,000 తేలిక మాటల్లోనే అర్థాలన్నీ చెప్పాలని నియమం పెట్టుకుంది. అర్థం కోసం మళ్లీ ఇంకో మాట వెతుక్కునే బాధ ఉండదు. బ్రౌన్ నిఘంటువు నాకు ప్రాణం, ఆంధ్రభారతి సైటులో వెతుక్కోవచ్చు కూడా. కానీ అది 1852 నాటిది. ఈనాటి ఆఫీసు ఇంగ్లీషుకి దాన్ని కొలబద్దగా పెట్టుకోవద్దు.

కందిచేను:
లెక్క, తిప్పుకోవడం నేను చెప్తాను.

మంచి కార్డు ఒకటి తయారు చేయడానికి ఐదు నిమిషాలు పడుతుంది. పది కార్డులంటే 50 నిమిషాలు, ఉద్యోగం చేసేవాళ్లు రెండో వారంలో చేతులెత్తేస్తారు. రెండో సంగతి, ఒక్కో పదాన్ని మొదటి రెండు నెలల్లో తక్కువలో తక్కువ ఏడుసార్లు చూడాలి. రోజుకు పది కొత్తవి చేరుస్తూ పోతే, రెండు నెలలు తిరిగేసరికి ప్రతిరోజూ 70 పాతవి ముందుకొస్తాయి, మర్చిపోయినవి కలిపితే 90. అది మోయలేకే గ్రూపులు ఆగిపోతాయి. మీరు రోజుకు నాలుగు పెట్టుకోండి, ఆదివారం కొత్తవి వద్దు.

తిప్పుకోవడానికి ఆంకీ యాప్ వాడొచ్చు. కంప్యూటర్‌లో, ఆండ్రాయిడ్‌లో ఉచితం, ఐఫోన్‌లో మాత్రం డబ్బు కట్టాలి. ఫోన్ చేతిలోకి తీసుకుంటే ఇంకెటో పోయేవాళ్లకు చెప్పుల డబ్బా మేలు. 1972లో సెబాస్టియన్ లైట్నర్ అనే జర్మన్ రచయిత చెప్పిన పద్ధతి ఇది. డబ్బాలో అట్టముక్కలు అడ్డం పెట్టి ఐదు అరలు చేయండి. కొత్త కార్డులన్నీ మొదటి అరలో. మొదటి అరను రోజూ, రెండోది రెండు రోజులకోసారి, మూడోది నాలుగు రోజులకు, నాలుగోది ఎనిమిదికి, ఐదోది పదహారుకి తీయండి. జవాబు సరిగ్గా వస్తే కార్డు తర్వాతి అరకు వెళ్తుంది. తప్పితే, అది ఏ అరలో ఉన్నా సరే, మొదటి అరకే. ఈ చివరి నియమం దగ్గర చాలామంది తమకు తాము మినహాయింపు ఇచ్చుకుంటారు. "దాదాపు వచ్చింది కదా" అని ముందుకు తోసేస్తారు. దాదాపు వచ్చిందంటే రానట్టే.

ఇంకో తప్పు, గుర్తు రాకముందే కార్డు తిప్పేయడం. పది సెకన్లు ఆగి, పదం నోటితో బయటికి అన్నాకే తిప్పాలి. చూసి గుర్తుపట్టడం వేరు, ఖాళీలోంచి లాక్కురావడం వేరు. మీ గ్రూపులో ఇప్పటిదాకా జరిగింది మొదటిదే. అందుకే అన్నీ తెలిసినట్టు ఉంటాయి. మూడు రోజులు మానేసి పాతవి పేరుకుపోతే, అవి తీరేదాకా కొత్తవి ఆపండి.

అన్నిటికన్నా ముఖ్యం, ఆ పర్యాయపదాల తోరణం తీసేయండి. ఒకే అర్థం ఉన్న ఐదు మాటలు ఒకే రోజు నేర్చుకుంటే ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి. చూపుకి ఒకేలా ఉండే జంటలూ అంతే: అడ్వర్స్ (ప్రతికూలమైన), అవర్స్ (ఇష్టపడని), ఇంజీనియస్ (యుక్తిగల), ఇంజెన్యువస్ (కల్లాకపటం తెలియని). ఒకటి మూడో అర చేరాకే రెండోది మొదలుపెట్టండి.

అల్లంచాయ్:
ఇద్దరికీ చాలా థ్యాంక్స్ అండీ. పర్యాయపదాలు తీసేయమంటే జీఆర్‌ఈ వాళ్లు ఒప్పుకోవట్లేదు, పరీక్షలో అవే అడుగుతారట. ఇంకోటి, రోజుకు ఆ నాలుగు పదాలు ఎక్కడినుంచి ఏరాలి?

పెన్నాతీరం:
జీఆర్‌ఈలో విడిగా వ్యతిరేకపదాలు అడగడం 2011 ఆగస్టుతోనే పోయింది. ఇప్పుడున్న సెంటెన్స్ ఈక్వివలెన్స్‌లో ఆరు మాటలిచ్చి రెండు ఎంచుకోమంటారు. ఆ రెండిట్లో ఏది పెట్టినా వాక్యం నిలబడాలి, రెండు వాక్యాలకూ ఒకటే అర్థం రావాలి. జంట పదాలు కనిపించగానే టిక్కు పెట్టేవాళ్ల కోసమే, వాక్యానికి అతకని పర్యాయపదాల జంటను కూడా అందులో పెడతారు. కాబట్టి జంటలు కావాలి, కానీ విడివిడిగా నాలుగో అర దాటిన పదాలతోనే కట్టండి. ఆదివారం పని అదే పెట్టుకోండి. ఆ వారం పైఅరలకు చేరినవాటిని గుంపులు చేసి, రెంటి మధ్య తేడా ఒక్క వాక్యంలో రాయండి.

ఏరడం సంగతి. ఆఫీసు వాళ్లకు అరుదైన మాటలు అక్కర్లేదు. అవెరిల్ కాక్స్‌హెడ్ 2000లో ప్రచురించిన అకడమిక్ వర్డ్ లిస్ట్‌లో 570 పద కుటుంబాలు (ఒక మూల పదం, దాని రూపాలు కలిపి ఒక కుటుంబం) ఉన్నాయి, ఎక్కువ వాడకంలో ఉన్నవి ముందు వచ్చేలా పది భాగాలు చేసి ఇచ్చారు. రోజుకు నాలుగు, వారానికి ఆరు రోజులంటే 24 వారాల్లో అయిపోతుంది. మొదటి రెండు భాగాల్లో తెలిసినవి బోలెడు ఉంటాయి, వాక్యం చేయగలిగినవాటిని వదిలేయండి. జీఆర్‌ఈ వాళ్లు జాబితా నుంచి కాకుండా చదివిన వ్యాసాల నుంచి తీయాలి. ఒకసారి కనబడితే పెన్సిల్ గీత. వేరేచోట రెండోసారి కనబడితే కార్డు.

వేపపువ్వు:
పైవాళ్లు ముట్టుకోని రెండు విషయాలు.

మొదటిది ఉపసర్గలు. "ఇన్" అనేది పాజిబుల్ ముందు ఇంపాజిబుల్, లీగల్ ముందు ఇల్లీగల్, రెగ్యులర్ ముందు ఇర్రెగ్యులర్ ఎందుకవుతుందని చాలామంది బట్టీపడతారు. మన సున్నా చేసే పనే అది. సందడిలో నకారంగా పలికేది సంపదకి వచ్చేసరికి మకారమైపోతుంది, తర్వాత పెదవులు కలిపే అక్షరం ఉంది కాబట్టి. ఇంపాజిబుల్‌లోనూ కారణం అదే. సంధి తెలిసినవాడికి ఇది పది నిమిషాల పాఠం. అయితే "ఇన్" కనబడగానే "కాదు" అని అర్థం చెప్పుకోవద్దు. ఇన్‌వాల్యుబుల్ అంటే వెలకట్టలేనంత విలువైనది. ఇన్‌ఫ్లేమబుల్ అంటే నిప్పంటుకునేది. అది ఇన్‌ఫ్లేమ్ నుంచి వచ్చింది. ట్యాంకరు మీద ఆ మాట చూసి భయం లేదనుకుంటే ప్రమాదం.

రెండోది పలుకు. తెలుగులో రాసిందే చదువుతాం కాబట్టి ఇంగ్లీషునూ అక్షరాలు కూడబలుక్కుని చదివేస్తాం. రిసీట్‌లో పి, డెట్‌లోనూ సటిల్‌లోనూ బి రాతకే, నోటికి కాదు. కార్డు మీద ఉచ్చారణ తెలుగులో రాసుకుంటే ఇంకో నష్టం ఉంది, ఊనిక ఎక్కడో తెలియదు. ఫొటోగ్రాఫ్‌లో బరువు మొదట్లో "ఫో" మీద, ఫొటోగ్రాఫర్‌లో "టా" మీద, ఫొటోగ్రాఫిక్‌లో "గ్రా" మీద పడుతుంది. ఊనిక తప్పితే అక్షరాలన్నీ సరిగ్గా పలికినా అవతలివాడు మళ్లీ అడుగుతాడు. కార్డు మీద బరువు పడే అక్షరం కింద గీత గీయండి.

వాట్సాప్ అసలు పనికొచ్చేది ఇక్కడే. పొద్దున వంతు ఉన్నవాళ్లు ఖాళీ ఉన్న వాక్యాలు నాలుగు పెట్టాలి, జవాబులు లేకుండా. రాత్రి తొమ్మిదిలోపు ప్రతి ఒక్కరూ ఒక పదం తీసుకుని, ఆరోజు పనికి సంబంధించిన వాక్యంలో పెట్టి పదిహేను సెకన్ల వాయిస్ మెసేజ్ పంపాలి. ఇదొక్కటే సొంత వాక్యం, కార్డులోకి ఎక్కదు. వంతు ఉన్నవాళ్లు డిక్షనరీలో ఆడియో విని, ఊనిక తప్పినవాళ్లకు మాత్రం ఆ ఒక్క మాట పలికి పంపాలి. ఎనిమిదిమందివి వినడానికి రెండు నిమిషాలు.