ఇంటి పన్ను బిల్లులో టెక్నికల్ కాలేజీకి 312 డాలర్లా? (మాడిసన్, విస్కాన్సిన్)

సన్‌ప్రెయిరీ కొత్తిల్లు:
నమస్కారం అండీ. ఈ ఏడాదే సన్ ప్రెయిరీలో ఇల్లు కొన్నాం. మొదటి పన్ను బిల్లు నిన్న వచ్చింది. కౌంటీ, సిటీ, స్కూలు, ఇవి అర్థమయ్యాయి. వాటి కింద మాడిసన్ టెక్నికల్ కాలేజీ అని ఇంకో లైను, 312 డాలర్లు. మా పాపకు నాలుగేళ్లు. నేనూ మా ఆవిడా చదువులు ముగించుకుని వచ్చినవాళ్లమే. ఆ కాలేజీ ఎక్కడుందో కూడా తెలియదు. పొరపాటున పడిందా? తీయించుకోవచ్చా? డౌన్ పేమెంట్‌కే ఉన్నదంతా ఊడ్చిపెట్టాం, అందుకే టెన్షన్.

మిడిల్టన్ శ్రీను:
పొరపాటు కాదు బ్రదర్, ఇక్కడ అందరికీ ఉంటుంది. తీయరు. మీ మార్ట్‌గేజ్ కంపెనీ ఎస్క్రోలోంచి (నెలవారీ కిస్తీతో పాటు పన్నుకని పక్కన పెట్టే ఖాతా) కడుతుందేమో కనుక్కోండి. లేదంటే మొదటి వాయిదా జనవరి 31 లోపు మీరే కట్టాలి.

ట్రూయాక్స్ నర్సు:
తమ్ముడూ, మన ఊళ్లో ఇంటి పన్ను రసీదు ఒకసారి గుర్తు తెచ్చుకోండి. అందులో గ్రంథాలయ సెస్సు ఉంటుంది, పన్ను రూపాయికి 8 పైసలు. లైబ్రరీ గడప తొక్కకపోయినా కడతాం. ఇదీ అలాంటిదే. విస్కాన్సిన్ మొత్తాన్ని 16 జిల్లాలు చేసి, జిల్లాకొక టెక్నికల్ కాలేజీ పెట్టారు. మన జిల్లా 12 కౌంటీల్లోకి పాకి ఉంటుంది. పోర్టేజ్, రీడ్స్‌బర్గ్, వాటర్‌టౌన్, ఫోర్ట్ అట్కిన్సన్‌లలో కూడా క్యాంపస్‌లున్నాయి. ఇది నిన్నామొన్నటి సంగతి కాదు. 5,000 జనాభా ఉన్న ప్రతి ఊరూ పనివిద్య కోసం ఒక బోర్డు పెట్టుకోవాలని 1911లోనే ఇక్కడ చట్టం చేశారు.

నా సంగతి చెప్తాను. గుంటూరులో బీఎస్సీ చేసి పెళ్లయ్యాక ఇక్కడికి వచ్చాను. వర్క్ పర్మిట్ లేక నాలుగేళ్లు ఇంట్లోనే ఉన్నాను. అది వచ్చాక ఎవరూ ఉద్యోగం ఇవ్వలేదు. ఎయిర్‌పోర్ట్ దగ్గర ఈ కాలేజీకే ఉన్న ట్రూయాక్స్ క్యాంపస్‌లో నర్సింగ్ అసిస్టెంట్ కోర్సులో చేరాను. మంచం మీద మనిషి ఉండగానే దుప్పటి మార్చడం, ఒకరికొకరం బీపీ చూసుకోవడం, అలా మొదలైంది. తర్వాత రెండేళ్ల నర్సింగ్ డిగ్రీకి వెళ్లాను. మా బ్యాచ్‌లో ఆస్కార్ మేయర్ మాంసం ఫ్యాక్టరీలో ఇరవై ఏళ్లు పనిచేసిన ఆయన ఉండేవారు. 2017లో అది మూతపడింది. యాభై దాటాక అనాటమీ పుస్తకం పట్టుకుని, ఎముకల పేర్లు నాతో పాటు బస్సులో బట్టీ పట్టేవారు. ఆయన్ని తలచుకుంటే ఇప్పటికీ గుండె నిండుతుంది.

మేం చదివిన ఆ హెల్త్ బిల్డింగ్ ఎలా వచ్చిందో తెలుసా? 2010 నవంబరులో కాలేజీ వాళ్లు రెఫరెండం (జనం నేరుగా అవునో కాదో ఓటేయడం) పెట్టారు, సుమారు 13 కోట్ల 37 లక్షల డాలర్ల అప్పుకి. ఉద్యోగాలు పోయి జనం అల్లాడుతున్న రోజులవి. అయినా మన పన్ను పెరిగితే పెరిగిందని ఓటేసి గెలిపించారు. వాళ్లలో ఒక్కరికీ నేనెవరో తెలియదు. నేను చదివింది వాళ్ల డబ్బుతో.

ఇప్పుడు రాష్ట్రవాసులకు ఫీజు క్రెడిట్‌కు (కోర్సును కొలిచే యూనిట్) సుమారు 150 డాలర్లు. మీ ఇంటికి అంబులెన్స్‌లో వచ్చే కుర్రాళ్లు, పాప పళ్లు శుభ్రం చేసే అమ్మాయి, ఫర్నేస్ బాగుచేసే అతను, వీళ్లలో చాలామంది ఇలాంటి కాలేజీల్లో నేర్చుకున్నవాళ్లే. ఇంగ్లిష్ రాని పెద్దవాళ్లకు క్లాసులు కూడా అక్కడే ఉంటాయి.

సన్‌ప్రెయిరీ కొత్తిల్లు:
అక్కా, చాలా థాంక్స్. ఇంత ఉందని తెలియదు. అయితే ఏటా ఎంత వసూలు చేయాలో ఎవరు నిర్ణయిస్తారు? ఇలా పెరుగుతూనే పోతుందా?

పాత మాడిసన్:
నేను 2003 నుంచి ఇక్కడే ఉన్నాను. ఒకప్పుడు ఆ లైను ఇంకా బరువుగా ఉండేది. 2014లో చట్టం మార్చి, రాష్ట్రవ్యాప్తంగా 40 కోట్ల 60 లక్షల డాలర్ల భారాన్ని ఇంటి పన్ను మీద నుంచి రాష్ట్ర ఖజానాకు మళ్లించారు. ఆ ఏడాది నా బిల్లులో ఆ లైను దాదాపు సగానికి పడింది. ఇప్పుడు రోజువారీ ఖర్చుల కోసం కాలేజీ తన ఇష్టం వచ్చినట్టు పెంచలేదు. జిల్లాలో కొత్త ఇళ్లు, భవనాలు లేవడం వల్ల ఆస్తుల విలువ ఎంత శాతం పెరిగిందో ఆ మేరకే పెంచుకోవాలి. పెద్ద భవనం కావాలంటే మళ్లీ ఓటుకు రావాలి.

బోర్డులో తొమ్మిది మంది ఉంటారు. యజమానుల తరఫున ఇద్దరు, ఉద్యోగుల తరఫున ఇద్దరు, ఒక స్కూల్ జిల్లా అధికారి, ఎన్నికైన ప్రజాప్రతినిధి ఒకరు, ఇంకో ముగ్గురు. యజమానీ కార్మికుడూ ఒకే బల్ల దగ్గర కూర్చోవడం నాకు బాగా నచ్చుతుంది. నచ్చనిది ఒకటుంది. వీళ్లను మనం ఎన్నుకోం, నియమిస్తారు. మన పన్ను వేసేవాళ్లను మనమే ఎన్నుకోవాలని నా అభిప్రాయం. మా పక్కింటి ముసలావిడ పెన్షన్ మీద బతుకుతారు, ఆవిడకు ప్రతి డాలరూ లెక్కే. బడ్జెట్ మీద బహిరంగ విచారణ జరుపుతారు, ఎవరైనా వెళ్లి మాట్లాడవచ్చు. నేను రెండుసార్లు వెళ్లాను. మనవాళ్లు ఒక్కరూ కనిపించలేదు, అదే బాధ.

ట్రూయాక్స్ నర్సు:
ఆ ముసలావిడ మాట నిజమే అన్నయ్యా, దానికి నా దగ్గర జవాబు లేదు. ఈసారి విచారణ తేదీ తెలిస్తే ఇక్కడ పెట్టండి, నేనూ వస్తాను.

సన్‌ప్రెయిరీ కొత్తిల్లు:
నేనూ వస్తాను. అక్కా, ఇదంతా మా ఆవిడకు చదివి వినిపించాను. ఇక్కడికి వచ్చిన దగ్గర్నుంచి తనకు బేకింగ్ నేర్చుకోవాలని ఉందట, ఆ కాలేజీలో ఉందా అని అడుగుతోంది. నాకీ సంగతి ఇవాళే తెలిసింది.

ట్రూయాక్స్ నర్సు:
ఉంది, మంచి పేరున్న కోర్సు. మంగళవారం నాకు డ్యూటీ లేదు. పదింటికి ట్రూయాక్స్ మెయిన్ బిల్డింగ్ దగ్గరికి రమ్మనండి, అడ్మిషన్ల వాళ్ల దగ్గరికి నేను తీసుకెళ్తాను. పాపను కూడా తీసుకురమ్మనండి, పర్లేదు.