ఎకనామిక్స్ పీహెచ్‌డీకి లోన్ తీసుకోవాలా?

అనంతపురం అమ్మాయి:
అందరికీ నమస్తే. ఎం.ఏ. ఎకనామిక్స్ అయ్యాక హైదరాబాద్‌లో ఒక బ్యాంకులో చేస్తున్నాను. అమెరికాలో పీహెచ్‌డీ చెయ్యాలని ఉంది. ఒక కన్సల్టెన్సీకి వెళ్తే, ముందు ఎం.ఎస్. చెయ్యమని లోన్ ఫారం చేతిలో పెట్టారు. నాన్న అప్పుడే పొలం కాగితాలు బయటికి తీశారు. ఫండింగ్ నిజంగా ఇస్తారా? ఇంకోటి, రికమండేషన్ లెటర్ అడిగితే మా సార్ "నువ్వే రాసుకురా తల్లీ, సంతకం పెడతా" అన్నారు. అలా చెయ్యొచ్చా?

మూడో ఏడు పీహెచ్‌డీ:
ముందు ఆ కాగితాలు బీరువాలో పెట్టించమ్మా. అమెరికాలో మంచి డిపార్ట్‌మెంట్లలో సీటంటేనే ఫీజు మాఫీ, పైన స్టైపెండ్. ఐదారేళ్ళు పడుతుంది, బదులుగా క్లాసులకు టీఏగా, అంటే టీచింగ్ అసిస్టెంట్‌గా, పని చెయ్యాలి. ఫండింగ్ లేని ఆఫరొస్తే వదిలెయ్. కన్సల్టెన్సీల వాళ్ళకు ఎం.ఎస్. తప్ప ఇంకోటి తెలియదు, వాళ్ళ కమీషన్ అక్కడే.

అసలు చిక్కు లెటర్ల దగ్గరే. మూడు కావాలి. నువ్వు రాసుకుంటే ఏం రాస్తావ్? "క్రమశిక్షణ గల విద్యార్థిని, కష్టపడే స్వభావం". అలాంటివి అడ్మిషన్ కమిటీ వాళ్ళు రోజూ చూస్తారు. వాళ్ళకు కావాల్సింది వేరు: ఎకనామెట్రిక్స్‌లో ఎంతమందిలో ఎన్నో స్థానం, ప్రాజెక్టులో డేటా ఎక్కడ తెచ్చావు, ఏ లెక్క దగ్గర ఆగిపోయి ఎలా బయటపడ్డావు. నీ పాత ప్రాజెక్టు, మార్కుల జాబితా పట్టుకెళ్ళి సార్ ముందు కూర్చో, ఆయనకే అన్నీ గుర్తొస్తాయి. రాయాల్సింది మాత్రం ఆయనే. లెటర్ అప్‌లోడ్ చేసే లింకు కూడా ఆయన మెయిల్‌కే వస్తుంది.

రెండోది గణితం. మన ఎం.ఏ.లో చాలా చోట్ల రియల్ అనాలిసిస్ (కాలిక్యులస్ వెనకున్న రుజువుల గణితం) ఉండదు. ఐఐటీల ఆన్‌లైన్ కోర్సులుండే ఎన్‌పీటెల్‌లో చేసి పరీక్ష రాయి. జీఆర్‌ఈ ప్రవేశ పరీక్ష అడిగే చోట క్వాంట్‌లో, అంటే లెక్కల భాగంలో, 170కి 165 దాటాలి, ఇంగ్లీషు భాగం వెర్బల్‌ని ఎవరూ అంతగా పట్టించుకోరు. గడువులు ఎక్కువగా డిసెంబరులోనే.

ఫీల్డ్ ఆర్‌ఏ:
ఈ డిసెంబరుకే పెట్టాలని తొందరపడకు చెల్లీ. ముందు రెండేళ్ళు రీసెర్చ్ అసిస్టెంట్‌గా చెయ్యి. పేదరికం మీద పరిశోధన చేసే జే-పాల్ సౌత్ ఏషియా లాంటి చోట్ల తీసుకుంటారు. మన ఉమ్మడి ఆంధ్రలో ఉపాధి హామీ కూలీని స్మార్ట్‌కార్డుతో ఇస్తే ఏమవుతుందో 157 మండలాల్లో చూసింది ఎకనామిస్ట్ కార్తీక్ మురళీధరన్ బృందమే. అలాంటి సర్వేల్లో తెలుగు వచ్చినవాళ్ళకు విలువ ఎక్కువ. డేటా లెక్కలు చేసే స్టాటా సాఫ్ట్‌వేర్ చేతికొస్తుంది, నీ పని దగ్గరుండి చూసిన ప్రొఫెసర్ లెటర్ కూడా దొరుకుతుంది.

మూడో ఏడు పీహెచ్‌డీ:
అదీ మంచి దారే. కాకపోతే ఆ ఉద్యోగాలకూ పోటీ తక్కువేం కాదు, రెండూ పెట్టు. అప్లికేషన్ ఫీజులు ఒక్కోటి వంద డాలర్లకు అటూఇటూగా అవుతాయి. మాఫీ ఉందేమో మెయిల్ పెట్టి అడుగు, సిగ్గుపడకు. ఆఫరొస్తే కంగారుపడి వెంటనే ఒప్పుకోకు, ఫండింగ్ ఆఫర్లకు చాలా యూనివర్సిటీలు ఏప్రిల్ 15 దాకా టైమిస్తాయి.

అనంతపురం అమ్మాయి:
థాంక్స్ అన్నా, చాలా టెన్షన్ తగ్గింది. మూడో లెటర్ మా బ్రాంచ్ మేనేజర్‌తో రాయిస్తే?

మూడో ఏడు పీహెచ్‌డీ:
వద్దు. నువ్వు డిపాజిట్లు బాగా తెస్తావనే రాస్తారు. మ్యాథ్స్ చెప్పిన మేడమ్‌ని పట్టుకో.