షియాన్‌లో మూడు రోజులు: ఊరు దాటి బయట తిరగాలా, వద్దా?

గోదారిగట్టు:
నమస్కారమండీ. ఏప్రిల్‌లో నాన్నగారిని తీసుకుని చైనా వెళ్తున్నాను. బీజింగ్ అయ్యాక షియాన్‌లో మూడు రోజులు ఉంటాం. ఆయన హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరయ్యారు. డెబ్భై దాటాయి. నడుస్తారు కానీ మెట్లంటే కాస్త ఆలోచించాలి. కోటగోడ, గంట గోపురం, ముస్లిం వీధి, టెర్రకోట సైన్యం ఎలాగూ చూస్తాం. ఇవి కాక ఊరి బయట రాజుల సమాధులు, బౌద్ధ ఆలయాలు చాలా ఉన్నాయట. వాటికోసం ఒక రోజు కేటాయించాలా, ఊళ్ళోనే నిదానంగా తిరగాలా? వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పండి.

హనుమకొండ రిటైర్డ్:
టెర్రకోట ఒక్కటి చూసి, మిగతా టైమంతా గోడ లోపలే ఉండండి. బయటికి పోతే రోజంతా బస్సులోనే అయిపోతుంది. పెద్దాయన ఉన్నారు కాబట్టి మరీ చెప్తున్నా. గోడ మీద బ్యాటరీ బండి ఉంటుంది, కూర్చుని చూడొచ్చు. సాయంత్రం దీపాలు వెలిగాక గంట గోపురం దగ్గర నిలబడితే చాలు. మేమిద్దరం వెళ్ళి వచ్చినవాళ్ళమే, ఊహించి రాయడం లేదు.

చాంగన్ డాక్టర్:
నేను ఆ ఊళ్ళోనే ఎంబీబీఎస్ చదివాను. "గోడ లోపలే ఉండండి" అన్న మాట నాకు మింగుడుపడదు. ఇప్పుడు కనిపించే గోడ మింగ్ రాజులది, 1370ల్లో కట్టారు. చుట్టూ 13.7 కిలోమీటర్లు. పాఠాల్లో మనం చదివిన టాంగ్ కాలపు చాంగన్ నగరం దీనికి దాదాపు ఏడు రెట్లు. అంటే అసలు పాత ఊరు ఎక్కువ భాగం ఈ గోడకు బయటే ఉంది. దామింగ్ రాజప్రాసాదం శిథిలాలు గోడకు ఉత్తరాన ఉన్నాయి. హ్యుయాన్‌త్సాంగ్ ఇండియా నుంచి తెచ్చిన గ్రంథాల కోసం 652లో కట్టిన పెద్ద గోపురం గోడకు దక్షిణాన ఉంది. గోడ లోపలే తిరిగి "షియాన్ చూశాం" అంటే చూసింది మింగ్ కాలపు ఊరే.

మాస్టారికి నా సలహా: విమానం దిగిన రోజే హాన్ యాంగ్‌లింగ్ చూడండి, ఎయిర్‌పోర్టుకు దగ్గర. అది క్రీ.పూ. 141లో చనిపోయిన హాన్ చక్రవర్తి జింగ్ సమాధి. మ్యూజియం నేల కింద ఉంటుంది. బూట్లకు కవర్లు వేసుకుని అద్దాల నేల మీద నడుస్తుంటే, కింద గోతుల్లో మట్టిబొమ్మలు వరసగా కనిపిస్తాయి. టెర్రకోట సైనికుల్లా నిలువెత్తువి కావు, రెండడుగులే. వాటికి చెక్క చేతులు పెట్టి పట్టుబట్టలు కట్టారు. చెక్క, పట్టు రెండూ మట్టిలో కలిసిపోయి, చేతుల్లేని నగ్న బొమ్మలు మిగిలాయి. పక్కనే మట్టి పందులు, గొర్రెలు, కుక్కలు, కోళ్ళు. టెర్రకోట సైన్యం చేయించిన చక్రవర్తి చిన్ షి హువాంగ్ సైన్యాన్ని పూడ్పించుకుంటే, ఈయన పశువుల పాకనే వెంట తీసుకెళ్ళాడు. జనం తోపులాట ఉండదు, మెట్లు తక్కువ.

బెజవాడ బుల్లోడు:
డాక్టర్ అన్నా, టెర్రకోటకి మెట్రో ఉందా? టాక్సీ ఎంత అవుతుంది?

చాంగన్ డాక్టర్:
మెట్రోలో వెళ్ళొచ్చు తమ్ముడూ, 9వ లైన్. 2020 చివర్లో వచ్చింది.

హనుమకొండ రిటైర్డ్:
తప్పు. మెట్రో టెర్రకోట దాకా పోదు.

చాంగన్ డాక్టర్:
హువాచింగ్ చి స్టేషన్‌లో దిగి అక్కడ సిటీ బస్సు ఎక్కాలి సార్. ఆ మాత్రం అందరికీ తెలుసు.

హనుమకొండ రిటైర్డ్:
అంటే పోదనే కదా. "మెట్రోలో వెళ్ళొచ్చు" అని ఎట్లా రాస్తారు? ఆ పిల్లవాడు అది చదివి స్టేషన్ బయట నిలబడి సైనికులెక్కడ అని వెతుక్కోవాలా? ఇలాంటి సగం మాటల వల్లే మనవాళ్ళు మోసపోతారు.

చాంగన్ డాక్టర్:
స్టేషన్ బయటే బస్సు ఉంటుంది. మీరు అసలు ఆ మెట్రో ఎక్కారా?

హనుమకొండ రిటైర్డ్:
ఎక్కకపోతే ఏమైంది? పోదన్నది నిజమా, కాదా?

లక్ష్మీ నల్లకుంట:
ఇద్దరూ ఒకే మాట చెప్తున్నారు కదండీ. మెట్రో, ఆ తర్వాత బస్సు. అయిపోయింది.

హనుమకొండ రిటైర్డ్:
ఒకే మాట కాదమ్మా. పెద్దవాళ్ళకు బస్సు మారడం అంటే ఏమిటో వీళ్ళకు తెలియదు.

నెల్లూరు చేపలపులుసు:
శాకాహారం దొరుకుతుందా అక్కడ?

చాంగన్ డాక్టర్:
లియాంగ్‌పి తినండి, చల్లటి నూడుల్స్. కారం, వెనిగర్ కలిపి ఇస్తారు, మాంసం ఉండదు. సరే, అసలు విషయానికొస్తే, మాస్టారికి తప్పకుండా చూపించాల్సింది మరొకటి ఉంది. షింగ్‌జియావో ఆలయం. ఊరికి దక్షిణంగా 20 కిలోమీటర్లు. హ్యుయాన్‌త్సాంగ్ అస్థికలు 669లో అక్కడికి మార్చారు. ఇటుకలతో కట్టిన ఐదంతస్తుల స్తూపం ఆయనది. అటూ ఇటూ రెండు చిన్న స్తూపాలు శిష్యులవి. వాళ్ళలో ఒకాయన కొరియా వాడు. ఇక హ్యుయాన్‌త్సాంగ్ అంటే మన ధాన్యకటకానికి వచ్చి, అక్కడ కొంతకాలం ఉండి అభిధర్మం (బౌద్ధ తత్వశాస్త్రం) చదువుకున్న మనిషి. అమరావతి పాఠం చెప్పిన మాస్టారు షియాన్ దాకా వెళ్ళి ఆయన్ని చూడకుండా రావడమా? 2014లో ఆ ఆలయం సిల్క్ రోడ్‌లో భాగంగా యునెస్కో వారసత్వ జాబితాలోకి కూడా ఎక్కింది. అంతకుముందు ఏడాది ఆ నామినేషన్ పేరుతోనే ఆలయంలో కొన్ని కట్టడాలు కూలుస్తామంటే చైనాలో పెద్ద గొడవైంది. మెట్రోలో దక్షిణం వైపు కొంత దూరం పోయి టాక్సీ పట్టుకుంటే చాలు, సింపుల్.

హనుమకొండ రిటైర్డ్:
సింపుల్! ఆలయం ఆలయం అంటారు. మమ్మల్ని ఫామెన్ ఆలయానికి తీసుకుపోయారు. 120 కిలోమీటర్లు. బుద్ధుడి వేలి ఎముక అన్నారు, నా భార్య ఎంతో ఆశపడి వచ్చింది. దిగి చూస్తే ఏముంది? కొత్త సిమెంటు, కొత్త బంగారు రంగు. కిలోమీటరు పైన పొడవున్న బాట, రెండు పక్కలా నిన్నగాక మొన్న పెట్టిన విగ్రహాలు. చివర నమస్కారం ఆకారంలో 148 మీటర్ల కట్టడం. 2009లో కట్టిందట. మోకాళ్ళ నొప్పితో ఆమె సగంలోనే కూర్చుండిపోయింది. ఊరి బయట ఉన్నదంతా ఇదే, నా మాట వినండి.

చాంగన్ డాక్టర్:
ఒక్క ఫామెన్ చూసి ఊరి బయటంతా అదే అంటే ఎలా సార్? అక్కడ కూడా పాత ఆలయం ఆ కొత్త కట్టడం పక్కనే ఉంది. 1981లో పాత గోపురం సగం కూలితే, తిరిగి కట్టేందుకు తవ్వారు. 1987లో దాని కింద టాంగ్ కాలపు నేలమాళిగ బయటపడింది. ఆ వెండి, గాజు సామాన్లు చూడటానికే వెళ్ళాలి. మీ గైడ్ చూపించలేదా? ప్యాకేజీ బస్సు కిటికీలోంచి చైనా చూసి, అందరికీ "వెళ్ళొద్దు" అని చెప్పడం మీకే చెల్లింది.

బెజవాడ బుల్లోడు:
అబ్బో 🔥

హనుమకొండ రిటైర్డ్:
అవును, కిటికీలోంచే చూశాను. ఎందుకో చెప్తా వినండి. హైదరాబాద్‌లో ఒక ట్రావెల్స్‌కు డబ్బులు కట్టి వెళ్ళాం. వాళ్ళు మమ్మల్ని పొద్దున జేడ్ కొట్టుకు, మధ్యాహ్నం పట్టు కొట్టుకు, ఆ తర్వాత మట్టిబొమ్మలు చేసే చోటుకు తిప్పారు. టెర్రకోట మూడు గోతులకూ కలిపి గంట కూడా ఇవ్వలేదు. కాంస్య రథాలు ఎక్కడని అడిగితే, అవి వేరే మ్యూజియంలో ఉన్నాయి, టైం లేదన్నారు. దిగిపోదామంటే ఎక్కడికి దిగను? నాకు చైనీస్ రాదు. ఫోన్‌లో మన మ్యాప్ పనిచేయదు. డబ్బు తీస్తే కొట్టువాడు క్యూఆర్ కోడ్ చూపిస్తాడు. మీరు ఐదారేళ్ళు అక్కడ బతికి, భాష నేర్చుకుని, "టాక్సీ పట్టుకుంటే చాలు" అని రాస్తారు. ఆ టాక్సీవాడికి షింగ్‌జియావో అని నా నోటితో చెప్తే అర్థమవుతుందా? మీ "సింపుల్" మాలాంటి వాళ్ళ కోసం రాసింది కాదు.

లక్ష్మీ నల్లకుంట:
ఇప్పుడొచ్చింది అసలు సంగతి. ఊరి లోపలా బయటా అన్నది కాదు గొడవ. ఎవరి వెంట వెళ్తున్నామన్నదే.

చాంగన్ డాక్టర్:
మిమ్మల్ని మోసం చేసింది ఆ ట్రావెల్స్. ఆ కోపం హాన్ చక్రవర్తి మీద చూపిస్తే ఎలా సార్? భాష రాదని ఊళ్ళోనే ఉండిపోతే, అక్కడ కూడా అదే క్యూఆర్ కోడ్, అదే భాష. గోడ లోపల తెలుగు బోర్డులేం లేవు. పెద్దవాళ్ళను "మీరు నడవలేరు, మీకు రాదు" అని బస్సులో కూర్చోబెట్టే పద్ధతే నాకు నచ్చదు. మా అమ్మ వచ్చినప్పుడు నేను పరీక్షల్లో ఉన్నాను. చైనీస్‌లో రాసిన చీటీలు పట్టుకుని ఒక్కతే యాంగ్‌లింగ్ వెళ్ళొచ్చింది.

హనుమకొండ రిటైర్డ్:
ఆ చీటీలు రాసింది ఎవరు? మీరు. మాకెవరు రాశారు?

మోడరేటర్:
ఇద్దరూ వ్యక్తిగత మాటలు తగ్గించండి. మెట్రో చర్చ ఇక్కడితో ఆపండి.

నెల్లూరు చేపలపులుసు:
చియెన్‌లింగ్ గురించి ఎవరూ చెప్పలేదే? టాంగ్ కాలపు మహారాణి వూ జెటియెన్ సమాధి. అక్షరం చెక్కని శిలాఫలకం, తలల్లేని విదేశీ రాయబారుల విగ్రహాలు...

చాంగన్ డాక్టర్:
బాగుంటుంది కానీ ఊరికి 80 కిలోమీటర్లు, పొడవాటి ఎత్తు బాట. మాస్టారికి వద్దు.

హనుమకొండ రిటైర్డ్:
ఇది ఒప్పుకుంటా.

లక్ష్మీ నల్లకుంట:
గోదారిగట్టు గారూ, ఇంత చర్చ జరిగింది, మీ నాన్నగారికి ఏం చూడాలని ఉందో ఎవరైనా అడిగారా?

గోదారిగట్టు:
ఇప్పుడే అడిగానండీ. టెర్రకోట, షింగ్‌జియావో రెండూ కావాలన్నారు. ముస్లిం వీధి వదిలేసినా పర్వాలేదట, జనంలో తిరగలేనన్నారు. యాంగ్‌లింగ్ వీలైతే దిగిన రోజే. ప్యాకేజీ తీసుకోవడం లేదు. ఒక రోజుకి కారు మాట్లాడుకుంటాం. డాక్టర్ గారూ, స్థలాల పేర్లు, హోటల్ అడ్రస్ చైనీస్‌లో రాసి పంపగలరా?

చాంగన్ డాక్టర్:
ఈ రాత్రికి ఇక్కడే పెడతాను, అందరూ ప్రింట్ తీసుకోవచ్చు.

హనుమకొండ రిటైర్డ్:
పెద్ద అక్షరాల్లో పెట్టండి. "టాయిలెట్ ఎక్కడ", "నెమ్మదిగా పోనివ్వండి", "కొట్టుకు వద్దు" అన్నవి కూడా చేర్చండి. గోదారిగట్టు గారూ, వచ్చాక బాగా లేకపోతే బాగా లేదనే రాయండి. నేను చదువుతాను.